బరువు దించిన చైర్‌పర్సన్ గారు

ముందుగా క్షమాపణ. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై ఎనిమిదో ఏట. మా ఆయన పోయాక పింఛను కోసం వేలిముద్ర వెయ్యబోతే యంత్రం నా వేలిని గుర్తుపట్టలేదు. మిరపకాయలు కోసి కోసి గీతలు అరిగిపోయాయట. కనీసం సంతకమైనా చేద్దామని మనవరాలి దగ్గర పలక పట్టుకున్నాను. అందుచేత ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి. రాయడంలో నిదానం కూడా ఎక్కువే. ఈ నాలుగు మాటలు రాసేలోపు పొయ్యి మీద పప్పు మాడింది. ఇంకొక సంగతి. ఇందులో వచ్చే చైర్‌పర్సన్ గారు నేనే. కాకపోతే పెద్దవాళ్ళ గురించి పేపర్లో "గారు" అంటూ కాస్త దూరంగా నిలబడి రాస్తారు కాబట్టి, నేనూ నాకు దూరంగానే నిలబడి రాస్తున్నాను.

"ఈ రోజు నుంచి ఈ పాఠశాలలో విద్యార్థికి భారం అనేది ఉండదు!" అని హెడ్‌మాస్టర్ బెంజిమిన్ గారు జెండా కర్ర పక్కన నిలబడి ప్రకటించారు. పిల్లలు పుస్తకాల సంచులు వీపున మోస్తూ విన్నారు.

జిల్లా నుంచి 'తేలిక బడి మిషన్' వచ్చింది. హోంవర్కులు, ప్రాజెక్టులు, స్లిప్ టెస్టులు ఎక్కువై పదో తరగతి పిల్లలు నిద్రపోవడం లేదని పైవాళ్ళకు తెలిసిందట. వెంటనే స్పందించి, పిల్లల నిద్ర కోసం తెల్లవారి ఆరు గంటలకు ఒక స్పెషల్ క్లాసు పెట్టారు. అందులో నిద్ర ప్రాముఖ్యం గురించి చెబుతారు. ఆలస్యంగా లేచినవాళ్ళకు ఇంపోజిషన్.

ఈ మిషన్‌కు తల్లిదండ్రుల తరఫున ఒక చైర్‌పర్సన్ ఉండాలన్నారు. ఆ పదవికి సుల్తానా గారు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. సమావేశం రోజు ఊరంతా మిరప కోతలకు వెళ్ళింది. వచ్చింది ఆమె ఒక్కరే. అది కూడా మనవరాలు సైమా ఇంట్లో మర్చిపోయిన అన్నం క్యారేజీ ఇవ్వడానికి. క్యారేజీ ఇచ్చి కుర్చీ తీసుకున్నారు.

చైర్‌పర్సన్ గారికి ఈ లోకంలో ఉన్న కోరిక ఒక్కటే. సైమా పది పాసై పాలిటెక్నిక్‌లో చేరాలి. తప్పితే వచ్చే ఏడు మిరప చేలో తన పక్కన కాయ కోసే సాలు దానిదే. దాని తల్లి పిడుగురాళ్ళలో సున్నం మిల్లు పనికి పోయి ఆదివారం ఆదివారం వస్తుంది. కనుక పిల్ల చదువుకు పూచీ నానీదే, అంటే ఈ అమ్మమ్మదే. పిల్ల సైన్సులో చురుకు. లెక్కల్లో మాత్రం అత్తెసరు.

ఒక సాయంత్రం పిల్ల ఇంకా రాస్తూనే ఉంది.

"ఏమే, ఎంతసేపు రాస్తావే? చెయ్యి పడిపోయిద్ది."

"ఆరు సబ్జెక్టులు నానీ. పైగా భారం తగ్గిందా లేదా అని రోజూ రెండు పేజీలు రాయాలంట."

"తగ్గకపోతే?"

"ఎందుకు తగ్గలేదో నాలుగు పేజీలు."

"అయితే తగ్గిందనే రాయవే పిచ్చిమొహమా!"

"క్లాసంతా అదే రాస్తన్నాం. చానా తగ్గిందంట, సారు చెప్పాడు."

అప్పుడు చైర్‌పర్సన్ గారికి ఆలోచన వచ్చింది. ఆమె ఏళ్ళ తరబడి ముఠా మేస్త్రిగా కూలీలను చేలకు తీసుకెళ్ళిన మనిషి. ముఠాలో అందరూ అన్నీ చెయ్యరు. కొందరు కాయ కోస్తారు, ఒకరు బస్తాలు మోస్తారు, ఒకరు నీళ్ళు తెస్తారు, ఒకరు చెట్టు కింద చంటిపిల్లల్ని చూస్తారు. ఎవరికి ఏ పనిలో చెయ్యి తిరిగితే వాళ్ళకు ఆ పని. ఎవరి సాలు వాళ్ళదే, పక్క సాలు సంగతి అడగరు. సాయంత్రానికి కూలి మాత్రం అందరికీ సమానం. చదువుకున్నవాళ్ళకు ఇంత చిన్న సంగతి ఎందుకు తట్టలేదా అని ఆమె జాలిపడ్డారు.

మర్నాడు కమిటీలో ఆమె లేచి చెప్పారు. "ఆరుగురు పిల్లలకి ఒక ముఠా కట్టండి సార్. సబ్జెక్టుకొకరు. లెక్కలు వచ్చినోడు ఆరుగురికీ లెక్కలు చేస్తాడు. హిందీ వచ్చిన పిల్ల ఆరుగురికీ హిందీ రాసిద్ది. ఎవడి బరువైనా ఆరో వంతే."

బెంజిమిన్ గారు కళ్ళు మూసుకున్నారు. తెరిచి, "దీన్ని ఇంగ్లీషులో ఏదో అంటారు" అన్నారు. ఏమంటారో తర్వాత కనుక్కోవచ్చని తీర్మానం రాయించారు.

లెక్కల మాస్టారు మౌలాలీ గారు ఒక్కరే చెయ్యెత్తారు. "సార్, లెక్కలన్నీ ఒక్కడే చేస్తే మిగతా అయిదుగురికి ఎట్లా వస్తయి?"

"మౌలాలీ గారూ, మీరు భారం వైపు మాట్లాడుతున్నారు."

"కాదు సార్, నేను లెక్కల వైపే..."

చైర్‌పర్సన్ గారు కలగజేసుకున్నారు. "మాస్టారూ, చేలో నీళ్ళు తెచ్చే మనిషి ఒక్క కాయ కొయ్యడు. ఆయనకి కూలి రాదా ఏంది?"

మాస్టారు కూర్చున్నారు. ఇక మీదట ముఠాకు ఒక్క నోట్సు దిద్దితే చాలని హెడ్‌మాస్టర్ గుర్తు చేశాక, ఇంకా హాయిగా కూర్చున్నారు.

పథకం పరుగెత్తింది. సైమా ముఠాలో లెక్కలు ప్రదీప్‌కు వెళ్ళాయి, ఇంగ్లీషు శాంతికి, సోషల్ యాసిన్‌కు, హిందీ ఉజ్మాకు, తెలుగు సల్మాన్‌కు. సైన్సు సైమాది. ఆ పంపకం చైర్‌పర్సన్ గారు స్వయంగా చేశారు. పిల్లలు బాగా నిద్రపోయారు. కొందరు క్లాసులో కూడా నిద్రపోయారు. స్లిప్ టెస్టులు కూడా ముఠాకొక పేపరుగా మారాయి. పిల్లలు తెలివైనవాళ్ళు కనుక పథకాన్ని వాళ్ళే ఇంకా పెంచారు. పాఠం వినడానికి ఒకరు, హాజరు పలకడానికి ఒకరు. తిట్లు తినడానికి సల్మాన్, వాడికి ముందునుంచీ అలవాటు ఉంది కాబట్టి.

చైర్‌పర్సన్ గారు బజారులో నడిచే తీరు మారింది. కూరగాయల దగ్గర బేరం ఆడటం మానేశారు. పదవికి బాగుండదని.

పబ్లిక్ పరీక్షలకు మూడు వారాల ముందు ప్రీఫైనల్ జరిగింది. అది జిల్లా పేపరు. ఎవరిది వాళ్ళే రాయాలి. మార్కులు వచ్చాయి. సైమాకు సైన్సులో తొంభై నాలుగు, లెక్కల్లో ఆరు.

"ఆరు ఏందే?" అన్నారు చైర్‌పర్సన్ గారు.

"ప్రదీప్‌కి తొంభై ఎనిమిది వచ్చినయి నానీ. మన ముఠాకి లెక్కలు వచ్చినట్టేగా."

"నీకు ఆరే వస్తే పాలిటెక్నిక్‌లో ఎవుడు చేర్చుకుంటాడే?"

"ఆరుగురం కలిసి పోతే చేర్చుకోరా?"

పిల్ల నవ్వలేదు. ఆ రాత్రి నానీకి అన్నం సయించలేదు. పొద్దున్నే పథకం ఆపించేద్దామని స్కూలుకు పరుగెత్తారు. దారిలో మాటలు కూడబలుక్కున్నారు. 'సార్, తప్పయింది. ఎవరి లెక్కలు వాళ్ళే చేసుకోవాల.' ఇంతే. అంత కష్టమైన మాటలేమీ కావు.

హెడ్‌మాస్టర్ గది ముందు ఒక ఫ్లెక్సీ ఆరబెట్టి ఉంది. 'పల్నాడు గర్వించే బరువు దించిన బిడ్డ' అని పైన రాశారు. కింద ఆమె ఫొటో.

"రండి రండి! ఎల్లుండి జిల్లా నుంచి మిషన్ అధికారి ప్రేమకుమారి మేడమ్ వస్తున్నారు. మీకు సన్మానం. ఏదో చెప్పాలని వచ్చినట్టున్నారు?"

చైర్‌పర్సన్ గారు ఫ్లెక్సీ వంక చూశారు. ఫొటో బాగా పడింది. పదేళ్ళు తగ్గించారు.

"ఏం లేదు సార్. కొంగు ఇంకాస్త పైకి ఉంటే బాగుండేది" అన్నారు. అసలు మాట సన్మానం అయ్యాక చెప్పవచ్చులే అనుకున్నారు.

సన్మానం రోజు ప్రేమకుమారి మేడమ్ ప్రీఫైనల్ మార్కులను మైకులో విశ్లేషించారు. "ఈ స్కూల్లో లెక్కల్లో తొంభై ఎనిమిది ఉంది! సైన్సులో తొంభై నాలుగు ఉంది! హిందీలో తొంభై ఒకటి! అన్ని సబ్జెక్టుల్లోనూ టాపర్లే. ఇది జిల్లా అంతా అమలు చేస్తాం." తర్వాత చైర్‌పర్సన్ గారికి శాలువా కప్పారు. అది నేరేడు రంగుది. వేసవి మొదలైంది కనుక చెమట పట్టింది. అయినా తియ్యలేదు.

"పిల్లలెవరైనా మాట్లాడతారా?" అన్నారు మేడమ్.

సైమా లేచింది.

"మేడమ్, పబ్లిక్ పరీక్షలకి కూడా మా ముఠా నుంచి సబ్జెక్టుకి ఒకర్ని పంపిస్తే సరిపోయిద్దా?"

మేడమ్ మెచ్చుకోలుగా తలూపారు. "చాలా మంచి ప్రశ్న. కానీ పరీక్షలు నా సెక్షన్ కాదమ్మా. నాది భారం వరకే. హెడ్‌మాస్టర్ గారు చెబుతారు."

"నేను అడ్మినిస్ట్రేషన్ మేడమ్. బోధన విషయం మౌలాలీ గారిది" అన్నారు బెంజిమిన్ గారు.

మౌలాలీ గారు లేచారు. "నేను లెక్కలు చెబుతాను. తీర్మానం చేసింది కమిటీ." కూర్చున్నారు.

మైకు చేతులు మారుతూ చైర్‌పర్సన్ గారి దగ్గరికి వచ్చి ఆగింది. సైమా ఇంకా నిలబడే ఉంది. నానీ వంకే చూస్తోంది. మొన్న దారిలో కూడబలుక్కున్న రెండు మాటలూ చైర్‌పర్సన్ గారి నాలుక చివరనే ఉన్నాయి. పక్కనుంచి ఫొటోలు తీసే ఇస్మాయిల్, "అమ్మా, ఇటు చూసి నవ్వండి, పేపర్లో వచ్చిద్ది" అన్నాడు.

ఆమె ఇటు చూశారు. నవ్వారు. మైకు దగ్గరగా పెట్టుకుని, "అది నా సాలు కాదమ్మా" అన్నారు.

"ఎంత వినయం!" అన్నారు మేడమ్.

హాలంతా చప్పట్లు మోగాయి. సైమా కొట్టలేదు. ఆ ముఠాలో చప్పట్లు ప్రదీప్ వంతు.

షేక్ సుల్తానా,
వయసు అరవై నాలుగు,
ప్రస్తుతం మాచవరంలో ఉంటున్నాను.