పాత్రికేయ సంఘం వెబ్‌సైట్ మేనేజరు ఎదిగిన తీరు

"ఈ క్షణం నుంచి నిజం ఇరవై నాలుగు గంటలూ అందుబాటులో ఉంటుంది!" అని పాత్రికేయ సంఘం అధ్యక్షులవారు మైకులో ప్రకటించి, రిబ్బను కత్తిరించి వెబ్‌సైట్‌ను ప్రారంభించారు. వెబ్‌సైట్‌కి రిబ్బను ఎక్కడ కట్టాలో ఎవరికీ తోచక కంప్యూటరుకి కట్టారు. కట్టినవాడే మేనేజరయ్యాడు. పాస్‌వర్డ్ గుర్తున్నది కూడా అతనొక్కడికే.

అతను నెమ్మదస్తుడు, పనిమంతుడు. మొదటి వారమే "మురికినీటి సరఫరా మీద రాసిన మా విలేకరి అరెస్టు" అని వార్త పెట్టాడు. సాయంత్రానికల్లా మంత్రిగారి కార్యాలయం నుంచి ఫోను. అక్కడ వెబ్‌సైట్లు చదివి అభ్యంతరం చెప్పడానికే ఒక అధికారి ఉన్నాడు.

"అరెస్టంటారేంటండీ? మాట్లాడదామని పిలిచాం."

"బేడీలు వేశారు కదండీ?"

"దారి తప్పిపోతాడేమోనని."

మేనేజరు "అరెస్టు" తీసి "ఆహ్వానం" అని పెట్టాడు. ఆ సమయస్ఫూర్తికి మురిసిపోయి అధ్యక్షులవారు అతన్ని సీనియర్ మేనేజర్ని చేశారు. "జైలు" తీసి "వసతి" అని పెట్టినందుకు చీఫ్ మేనేజరయ్యాడు. వార్త మొత్తం ఎత్తేసినందుకు డైరెక్టరు పదవీ, గిర్రున తిరిగే కుర్చీ వచ్చాయి. ఒక్కో వార్తా ఎత్తేస్తూ పోగా చివరికి సైట్లో అధ్యక్షులవారి ఫొటో ఒక్కటే మిగిలింది. ఇంత చురుగ్గా తెరుచుకునే సైటు మరెక్కడా లేదని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఒకరోజు విలేకరి భార్య వచ్చింది.

"అన్నయ్యా, ఆయన్ని పట్టుకెళ్లి మూడు నెలలైంది. అసలు అరెస్టే చెయ్యలేదంటున్నారు. మీ సైట్లో వేసిన వార్త కాపీ, సంఘం ముద్రతో తెమ్మన్నారు లాయరుగారు."

"తీసేశామమ్మా."

"మళ్లీ పెట్టండి."

అతను కుర్చీలో అటు తిరిగాడు. మళ్లీ ఇటు తిరిగేసరికి ఆమె అక్కడే ఉంది. అంతలో ఫోను మోగింది. మంత్రిగారి కార్యాలయం అధికారే, ఏడుపు గొంతుతో.

"డైరెక్టరుగారూ, నన్ను మర్చిపోయారా? రెండు నెలలుగా మీరేమీ పెట్టడం లేదు. అభ్యంతరం చెప్పే పనే లేదని నా పోస్టు ఎత్తేస్తామంటున్నారు. పిల్లలు గలవాణ్ణండీ! వారానికొక్క నిజం, సోమవారం పదింటికి పెట్టండి చాలు."

"పెడితే మీరే తియ్యమంటారుగా?"

"పది నిమిషాలాగి అంటాను."

మేనేజరు ఫోను పెట్టేసి, గుమ్మం వైపోసారి చూసి, గొంతు తగ్గించాడు. "సోమవారం సరిగ్గా పదింటికి రామ్మా. పది నిమిషాలే ఉంటుంది. కాపీ తీసి ముద్ర వేసిస్తాను. మూడో కంటికి తెలియకూడదు."

ఆమె ఎవరికీ చెప్పలేదు. సోమవారం తొమ్మిదింటికే వచ్చింది. ఆఫీసు మెట్ల దగ్గర మొదలైన వరుస వీధి మలుపు దాటిపోయింది. అందరి చేతుల్లోనూ లాయర్లిచ్చిన కాగితాలే.

"మీవారేం రాశారమ్మా?" అని అడిగింది చివర నిలబడ్డ ముసలావిడ, కాస్త జరిగి చోటిస్తూ.

"మురికినీళ్ల గురించండీ. ఇక్కడికి రమ్మని మీకెవరు చెప్పారు?"

"మంత్రిగారి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది తల్లీ. నీకు రాలేదూ?"