తలకిందుల పువ్వు

సర్ర్‌మనే చప్పుడు ముందు వినిపించింది. ఎంత మేర చిరిగిందో తర్వాత కనిపించింది. బీరువా వెనక మోకాళ్ళ మీద కూర్చున్న ప్రూఫురీడరు చేతికి అరచేయంత గోడకాగితం ముక్క రావలసింది, తువ్వాలంత వచ్చింది.

ఆ ఉదయం ఆయన వేసుకున్న పథకం నిజానికి చాలా చిన్నది. ముందుగదిలో కిటికీ పక్కన గోడకాగితం చెమ్మకు ఉబ్బి, అరచేయి మేర ఊడిపోయింది. పోయిన వారం కూతురు అది చూసి, "దీన్ని ఇలా వదిలేస్తే ఎలా నాన్నా? గురువారం మధ్యాహ్నం మేస్త్రీని తీసుకొస్తా," అని వెళ్ళింది. మేస్త్రీ అంటే రంగుల మేస్త్రీయే అనుకున్నాడాయన. రంగంటే కూతురి ఇంటి గోడల రంగే: జ్వరం వచ్చినవాడి నాలుకలా పాలిపోయిన తెలుపు. అది ఈ గోడకెక్కితే భార్య ఈ ఇంట్లో మిగిల్చి వెళ్ళిన చివరి మాట కూడా మూగబోతుంది. అందుకే వాళ్ళు వచ్చేలోపు, ఎవరూ చూడని చోటి ముక్క తీసి అందరూ చూసే చోట అతికించాలని కూర్చున్నాడు. నలభై ఏళ్ళు ఇతరుల తప్పులు దిద్దినవాడికి అదేమంత పని?

ముప్పయ్యేళ్ళ క్రితం ఆ కాగితాన్ని ఆమె తన చేతులతోనే అతికించింది. మంకెనపువ్వు ఎరుపు మీద బొటనవేలంత నల్లని చారలు, వాటి మీద పళ్ళెమంత పసుపు పువ్వులు. చూసినవాళ్ళు కళ్ళు నులుముకున్నారు. "ఇదేం గోడ వదినా, గుమ్మంలో అడుగు పెట్టగానే మీద పడుతోంది!" అని ఆడపడుచు వెక్కిరించింది. ఒకచోట కుదురుగా వాలదని పుట్టింటివాళ్ళు ఆమెకు పెట్టుకున్న ముద్దుపేరొకటి ఉండేది. ఆయనకు ఆ పేరు గానీ, అసలు పేరు గానీ నోట రాలేదెప్పుడూ. ఆనాడూ, "ఇదిగో, కాస్త గోల తక్కువది దొరకలేదా?" అన్నాడు.

"మీరెలాగూ మాట్లాడరు. గోడనైనా మాట్లాడనివ్వండి," అందామె.

ఆ తర్వాత వీధిలోని గోడలు లేతనీలమయ్యాయి, బూడిదరంగయ్యాయి, చివరికి తెల్లబడ్డాయి. ఈ గోడ మాత్రం మాట మార్చలేదు. ఆమె పోయి పద్నాలుగు నెలలు.

జిగురు కలుపుతుండగా కళ్ళజోడు జారి గిన్నెలో పడింది. తడుముకుంటూనే ముక్క అతికించాడు. బీరువా చప్పుడు విని పక్కింటి టైలరు లోపలికి వచ్చాడు.

"ఏంటి బాబాయ్‌గారూ, బీరువాను మీరు జరిపారా, మిమ్మల్ని అది జరిపిందా? అయ్యయ్యో, ఈ పువ్వు తలకిందులుగా ఉందేంటండీ?"

"వాడిపోయిందనుకో."

"వాడినా కాడ ఆకాశంలోకి పోదు కదండీ! లేవండి. జేబు మీద గళ్ళు కలిపే చేయి ఇది."

టైలరు ఆ ముక్కను పీకాడు. దానితోపాటు చుట్టూ ఉన్న మంచి కాగితం కూడా ఊడివచ్చింది. అరచేయంత చిల్లు చేటంత అయింది. పుస్తకాల అలమర వెనక నుంచి చేటంత ముక్క తీస్తే, దానిలో పువ్వు సగమే ఉంది. తలుపు వెనకది పువ్వుకు పువ్వు, చారకు చార కలిసింది గానీ కొత్తగా కొన్నట్టు భగ్గుమంది. ముప్పయ్యేళ్ళ ఎండకు మిగతా కాగితమంతా ఎంత వెలిసిపోయిందో ఆయనకు అప్పుడే తెలిసింది. రోజూ చూసే ముఖం ముసలిదైతే తెలియనట్టే, అదీ తెలియలేదు.

"అంతే ఎండ తిన్న చోటిది కావాలండీ," అన్నాడు టైలరు, కత్తెర ఆడిస్తూ. "అదిగో, ఆ ఎదుటి గోడ మధ్యలోది సరిగ్గా సరిపోతుంది."

నిజంగానే సరిపోయింది. అతుకు ఎక్కడుందో వేలితో రాసినా దొరకలేదు. ఇద్దరూ గుమ్మం దాకా వెనక్కి నడిచి మురిసిపోయారు. అప్పుడు కనిపించింది, చేటంత ముక్క కోసం లాగితే ఎదుటి గోడ నడిమధ్యన ఊడిపోయిన తలుపంత బోడి చోటు.

గుమ్మం బయట కూతురి చెప్పుల చప్పుడైంది. ప్రూఫురీడరు పరుగున వెళ్ళి, చేతులు చాచి, ఆ చోటుకు అడ్డంగా నిలబడ్డాడు.

"రంగు వద్దమ్మడూ. నీ కాళ్ళు పట్టుకుంటా, ఈ ఒక్క గది వదిలెయ్."

"రంగేంటి నాన్నా?"

వెనకనున్న మేస్త్రీ చంకలోని కాగితం చుట్టను కాస్త విప్పాడు. మంకెన ఎరుపు, నల్లని చార, పసుపు పువ్వు.

"మళ్ళీ ఇదే ఫ్యాషనట. అమ్మ వింటే పడీపడీ నవ్వేది," అంది కూతురు. "ఎనిమిది దుకాణాలు తిరిగాను. అరచేయంత చిల్లే కదా అని ఒక్క చుట్టే తెచ్చాను." అప్పుడు గది నాలుగు వైపులా చూసింది. "అమ్మది కాస్తయినా మిగిల్చావా నాన్నా?"

ఆయన చేతులు వాలిపోయాయి. మేస్త్రీ బోడి గోడ దగ్గరకు వంగి, "పని తెలిసినవాళ్ళే చేశారు సార్. కాగితంతో మూసేముందు మేమూ ఇలాగే పెన్సిలుతో ఏదో ఒకటి రాసి పెడతాం," అన్నాడు.

"ఆ గీతలు కొలతలేమో అనుకున్నాను," అన్నాడు కళ్ళజోడు లేని ప్రూఫురీడరు.

మేస్త్రీ కూడబలుక్కుంటూ చదివాడు: "'ఇది చదువుతున్నారంటే నా గోడ చించేశారన్నమాట. ఫర్వాలేదు. ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలవండి. అసలు పేరు కాదు, మా పుట్టింటివాళ్ళు పిలిచే పేరు. సిగ్గెందుకు, ఎవరూ వినరు.'"

టైలరు కత్తెర పదును చూసుకోవడంలో మునిగిపోయాడు. ఎవరూ వినరన్నది ఒక్కటే ఆ రాతలో తప్పు, గదిలో ముగ్గురున్నారు. ప్రూఫురీడరు జీవితంలో మొదటిసారి తప్పును దిద్దకుండా వదిలేసి, గొంతు సవరించుకున్నాడు.

"తూనీగా!"