మూఢం దాటాక ప్లగ్ పాయింట్

కృష్ణమోహన్ ఇంట్లో శనివారం ఉదయం ఒక పద్ధతి ప్రకారం మొదలవుతుంది. రేణు ముందురోజు రాత్రి నానబోసిన మినప్పప్పును గ్రైండర్‌లో వేస్తుంది. అదే సమయానికి కృష్ణమోహన్ కాఫీకి పాలు మైక్రోవేవ్‌లో పెడతాడు. వంటింట్లో కరెంటు పోతుంది. అతను చెప్పులు వేసుకుని గరాజ్‌లోకి వెళ్లి, పడిపోయిన బ్రేకర్‌ని ఎత్తి, ఏదో ఘనకార్యం చేసినవాడిలా తిరిగి వస్తాడు. ఆ నవంబరు శనివారం మాత్రం రేణు గుమ్మం దగ్గరే ఎదురైంది.

"ఏవండీ, గరాజ్ పక్కన కుట్టుగది ఊరికే పడుంది కదా. అక్కడికి వేరే లైన్ లాగించి గ్రైండర్‌కి ఒక్క ప్లగ్ పాయింట్ పెట్టించండి. ఒక్కటి చాలు."

"దానికేముంది, వారంలో అయిపోతుంది," అన్నాడు కృష్ణమోహన్. వారంలో అయిపోతుందని అతను నిజంగానే నమ్మాడు.

అది అమెరికాలో, మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ శివార్లలో ఓక్ హాలో అనే చిన్న ఊరు. ఇల్లు పాతది, మేడలేనిది, ఊరి చివరన ఉన్నది. కప్పు మీద పెంకులు కూడా పాతవే. అయినా కృష్ణమోహన్ బేరం ఆడకుండా కొన్నాడు, ఎందుకంటే అతను కొన్నది ఇల్లు కాదు, ఓక్ హాలో స్కూల్. అతని ఉద్యోగాల వెంట కూతురు వేద జెర్సీ సిటీలో ఒక స్కూలు, అల్ఫారెట్టాలో ఒక స్కూలు మారింది. మూడోది ఇది. మొదటి ఏడాదంతా ఆ పిల్ల లంచ్ టైములో ఒక్కతే కూర్చుంది. రెండో ఏడాది స్కూల్ ఆర్కెస్ట్రాలో వయొలిన్ లాంటి వయోలా వాయించడానికి చేరింది, పక్క కుర్చీలో దియ అనే అమ్మాయి దొరికింది, ఇంట్లో నవ్వు వినిపించడం మొదలైంది. అప్పుడు కృష్ణమోహన్ కూతురి తల మీద చెయ్యి వేసి, కాలేజీకి వెళ్లేదాకా ఇక స్కూలు మార్చనని మాట ఇచ్చాడు. జీవితంలో అతను అంత గట్టిగా ఇచ్చిన మాట ఇంకొకటి లేదు.

ప్లగ్ పాయింట్ దగ్గరికి వస్తే, బ్రేకర్ల పెట్టెలో ఖాళీ లేదని ఎలక్ట్రీషియన్ చెప్పాడు. కొత్త పెట్టె పెట్టాలి, దానికి ఊరి పర్మిట్ కావాలి. కృష్ణమోహన్ ఆ సాయంత్రమే కంప్యూటర్ ముందు కూర్చుని దరఖాస్తు అంతా నింపాడు. పంపే ముందు అలవాటుగా ఫోన్‌లో పంచాంగం తెరిచాడు. శుక్ర మూఢం.

కృష్ణమోహన్ మామూలుగా తర్కం ఉన్న మనిషే. ఆఫీసులో ఎవరైనా కారణం చెప్పకుండా ఒక లైను కోడ్ మారిస్తే ఊరుకోడు. కానీ మూఢంలో మాత్రం కొత్త పని మొదలుపెట్టడు.

"ప్లగ్ పాయింట్‌కి మూఢమేంటండీ? మనమేమన్నా దానికి పెళ్లి చేస్తున్నామా?" అంది రేణు.

"ఇంటికి సంబంధించిన పని రేణూ. అందులోనూ అగ్నితో సంబంధం ఉన్నది. ఫిబ్రవరిలో మూఢం పోతుంది, అప్పుడు సబ్మిట్ చేస్తాను. తొందరేముంది?"

తొందర ఎక్కడుందో అతనికి తెలియదు. ఓక్ హాలో కౌన్సిల్‌కి తెలుసు.

ఫిబ్రవరిలో మంచి రోజు చూసి, దశమి ఘడియల్లో, తూర్పు ముఖంగా కూర్చుని కృష్ణమోహన్ బటన్ నొక్కాడు. వారం తిరక్కుండా ఓక్ హాలో ఇన్‌స్పెక్టర్ డెనిస్ ఇంటికి వచ్చాడు. పెద్ద మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు, ఎదుటివాడి కష్టం చూసి ఒకసారి తల దించుకుని తర్వాత చెప్పాల్సింది చెబుతాడు. జనవరి ఒకటి నుంచి ఈ ఊరు కొత్త ఎలక్ట్రికల్ కోడ్ స్వీకరించిందని ఆయన చెప్పాడు. కొత్త పెట్టె పెడితే ఇంటి బయట ఒక పెద్ద స్విచ్ ఉండాలి, నిప్పంటుకున్నప్పుడు ఫైరింజన్‌వాళ్లు లోపలికి రాకుండానే కరెంటు తీసేయడానికి. పిడుగు పడితే వస్తువులు కాలకుండా ఇంకో సాధనం ఉండాలి. వీటికోసం మీటరు జరగాలి, మీటరు జరగాలంటే గోడ తవ్వాలి.

"ఒక్క గ్రైండర్ కోసమా?" అన్నాడు కృష్ణమోహన్.

గ్రైండర్ కోసం కాదు, తారీఖు వల్ల, అన్నాడు డెనిస్. కరెంటు పనులకి దేశం మొత్తానికి కోడ్ అని ఒక నియమాల పుస్తకం ఉంది, మూడేళ్లకోసారి దాన్ని సవరించి వేస్తారు. అయితే ఎవరో ఒకరు ఓటు వేసి మాది అనుకునేదాకా అది ఉత్త పుస్తకమే. కొన్ని చోట్ల రాష్ట్రమంతా ఒకేసారి అనుకుంటుంది. మిస్సోరీలో ఏ ఊరికి ఆ ఊరే, ఎప్పుడు తోస్తే అప్పుడు అనుకుంటుంది. పర్మిట్ అడిగిన రోజున ఏది అమల్లో ఉంటే అదే లెక్క. "డిసెంబర్‌లో అడిగి ఉంటే పాతదే సరిపోయేది. ఎందుకు ఆగారు?"

శుక్రుడు సూర్యుడికి మరీ దగ్గరగా ఉన్నాడని ఇంగ్లీషులో చెప్పడం కృష్ణమోహన్‌కి చేతకాలేదు. "ఫ్యామిలీ రీజన్స్," అన్నాడు. తలుపు వెనక రేణు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఫ్రీమాంట్ నుంచి రేణు తమ్ముడు ఫణి ఫోన్ చేశాడు. ఫణికి తనకు సంబంధం లేని ఏ సమస్య అయినా చాలా ఇష్టం.

"బావగారూ, మా దగ్గర స్టేట్ కోడ్ మీద మళ్లీ సిటీ రూల్స్. మీకు ఒక్క సిటీయే కదా, మీరు లక్కీ. ఇంతకీ మీ ఇల్లు ఏ సిటీ కిందికొస్తుంది?"

"ఓక్ హాలో."

"కౌంటీ మ్యాప్ ఓపెన్ చేశాను. హద్దు గీత మీ ఇంటి మీదనుంచే పోతోంది బావగారూ. డోర్‌మ్యాట్ ఓక్ హాలోలో ఉంది. ఇల్లంతా మిల్ రిడ్జ్‌లో ఉన్నట్టుంది."

మిల్ రిడ్జ్ పక్క ఊరు. అక్కడ అమల్లో ఉన్న కోడ్ ఎంత పాతదంటే, దాన్ని స్వీకరించిన రోజు గుర్తున్న ఆఖరి ఉద్యోగి రిటైరై ఫ్లోరిడా వెళ్లిపోయాడు. అక్కడ పెట్టె మారిస్తే బయట స్విచ్ అక్కర్లేదు, గోడ తవ్వక్కర్లేదు. కృష్ణమోహన్‌కి ప్రాణం లేచివచ్చింది. మర్నాడే ఓక్ హాలోకి మెయిల్ రాశాడు: అయ్యా, పొరపాటున మీ పర్మిట్ అడిగాను, మా ఇల్లు మిల్ రిడ్జ్‌లో ఉంది, ఇదిగో మ్యాపు. ఇలాంటి మెయిల్ రాయడం అతనికి బాగా వచ్చు. మ్యాపులో ఎర్ర బాణం గుర్తు కూడా పెట్టాడు.

"మనం ఉన్న ఊళ్లో మనం లేమని మనమే చెప్పుకోవడం బావుంటుందాండీ?" అని రేణు అడిగింది.

"నిజం చెప్పడానికేం రేణూ?"

ఓక్ హాలో ఆఫీసువాళ్లు నిజాన్ని గౌరవించే మనుషులు. మూడోరోజు పర్మిట్ రద్దు చేసి, ధన్యవాదాలు చెప్పారు. పై వారం చెత్తబండి ఇంటి ముందు ఆగకుండా వెళ్లిపోయింది. ఆ తర్వాత లైబ్రరీ కార్డు పనిచెయ్యలేదు. రేణు రెండుసార్లు అడిగింది, ఇంకా ఏమేం ఆగుతాయని. చెత్త సంచిని కారులో ఆఫీసుకి తీసుకుపోతూ కృష్ణమోహన్, కొత్తలో ఇలాగే ఉంటుందిలే అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం స్కూల్ డిస్ట్రిక్ట్ నుంచి మెయిల్ వచ్చింది. మీ నివాసం ఓక్ హాలోలో లేదని మీరే తెలియజేశారు. ఇక్కడ ఊరి హద్దే స్కూలు హద్దు. ఈ టర్మ్ అయ్యాక వేదను మిల్ రిడ్జ్ స్కూల్లో చేర్చుకోగలరు.

కృష్ణమోహన్ దాన్ని రెండుసార్లు చదివాడు. మెయిల్ కాపీ వేదకి కూడా వెళ్లింది. ఆ పిల్ల సాయంత్రం వయోలా పెట్టె భుజాన పెట్టుకుని లోపలికి వచ్చి, బూట్లు విప్పకుండా నాన్న ఎదురుగా నిలబడింది.

"నాన్నా, మీరు ప్రామిస్ చేశారు."

"చేశానమ్మా."

"గ్రైండర్ కోసం నేను స్కూల్ మారాలా?"

"గ్రైండర్ కోసం కాదమ్మా..." అని అతను మొదలుపెట్టి, తారీఖు వల్ల అని డెనిస్ అన్న మాట నోటిదాకా రాగానే ఆగిపోయాడు. వేద ఏడవలేదు. వయోలా పెట్టెని గోడకి ఆనించి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. అరిచి ఉంటే అతనికి కొంచెం తేలిగ్గా ఉండేది.

ఆ రాత్రి రేణు ఒక్క మాట కూడా అనలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో అది అతనికి పడిన పెద్ద శిక్ష.

సోమవారం పొద్దున్నే కృష్ణమోహన్ స్కూల్ ఆఫీసుకి వెళ్లి కౌంటర్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇల్లు హద్దు మీద ఉంటే దారి ఒకటుందని వాళ్లు చెప్పారు. పిల్ల పడుకునే గది ఏ ఊళ్లో ఉంటే, పిల్ల ఆ ఊరి పిల్ల. ఫోన్ మ్యాపు చెల్లదు, సర్వేయర్ వచ్చి కొలవాలి.

సర్వేయర్‌తోబాటు ఓక్ హాలో నుంచి డెనిస్, మిల్ రిడ్జ్ నుంచి అక్కడి ఇన్‌స్పెక్టర్ వచ్చారు. ఇద్దరూ గుమ్మం దగ్గర బూట్లు విప్పి, సాక్సులతో హాల్లో అటొకరు ఇటొకరు నిలబడ్డారు. సర్వేయర్ కార్పెట్ మీద గులాబీరంగు టేపు పరుచుకుంటూ పోయాడు. టేపు హాలు మధ్యనుంచి వెళ్లి, దేవుడి గూటిని వదిలేసి, వెనక కిటికీ కింద ఆగింది. పడగ్గదులన్నీ మిల్ రిడ్జ్‌లో పడ్డాయి. వంటిల్లు, గరాజ్, కుట్టుగది ఓక్ హాలోలో ఉన్నాయి. అంటే గ్రైండర్‌కి ప్లగ్ పాయింట్ కావాలన్న చోటు మొదటినుంచీ ఓక్ హాలోదే. ఆ సంగతి గమనించి కూడా డెనిస్ మర్యాదకి ఏమీ అనలేదు.

వేద తన గది గుమ్మంలో నిలబడి ఆ టేపుని చూస్తోంది. అది దాటి అవతల పడుకోవడానికి వీలున్నది ఒక్క కుట్టుగదే. చిన్నదే అయినా కిటికీ ఉంది.

"అమ్మలూ, నువ్వు ఆ గదిలో పడుకుంటావా?" అన్నాడు కృష్ణమోహన్.

"స్కూల్ సేమ్ ఉంటే ఎక్కడైనా పడుకుంటాను నాన్నా."

అతను డెనిస్ వైపు తిరిగాడు. ఆ గదిని పడగ్గది చెయ్యాలంటే ఏం కావాలని అడిగాడు. డెనిస్ ఒకసారి తల దించుకున్నాడు. పడగ్గది అంటే కొత్త కోడ్‌లో లెక్క ఇంకా పెద్దది. ఆ గది వైరింగ్ అంతా మళ్లీ వెయ్యాలి, నిప్పురవ్వ పుడితే తనంతట ఆగే బ్రేకర్ పెట్టాలి, ఇంట్లో పొగ అలారాలన్నీ కలిపి మోగాలి. పెట్టె, బయట స్విచ్, పిడుగు సాధనం, మీటరు, గోడ ఎలాగూ ఉన్నాయి.

"అన్నీ పెట్టండి," అన్నాడు కృష్ణమోహన్. "కొత్త కోడ్‌లో ఇంకేమైనా మిగిలి ఉంటే అవి కూడా పెట్టండి. నన్ను మీ ఊరివాణ్ని చెయ్యండి చాలు."

తన ఉద్యోగంలో కొత్త కోడ్ కోసం బతిమాలినవాణ్ని డెనిస్ చూడటం అదే మొదలు. ఆయన చెయ్యి చాపి కృష్ణమోహన్‌తో కరచాలనం చేశాడు. మిల్ రిడ్జ్ ఇన్‌స్పెక్టర్ తనకి ఇక్కడ పని లేదని గ్రహించి బూట్లు తొడుక్కున్నాడు.

కృష్ణమోహన్ అప్పటికప్పుడే ఫోన్ తీసి దరఖాస్తు తెరిచాడు.

"ఏవండీ, రాహుకాలం నడుస్తోంది," అంది రేణు మెల్లగా. ఆ శుక్రవారం తర్వాత ఆమె అతనితో మాట్లాడిన మొదటి మాట అది.

"తెలుసు," అని కృష్ణమోహన్ బటన్ నొక్కాడు.

గోడ తవ్వారు, మీటరు జరిగింది, పనంతా అయ్యేసరికి వేసవి వచ్చింది. చెత్తబండి మళ్లీ ఆగుతోంది. వేద కుట్టుగదిలో పడుకుని అదే స్కూలుకి వెళుతోంది. దియ శనివారాలు వచ్చి కిటికీ పక్కన కూర్చుని ఆమెతో కలిసి వాయిస్తోంది. గ్రైండర్ మాత్రం వేద ఖాళీ చేసిన పాత పడగ్గదిలో, ఎప్పటినుంచో అక్కడున్న పాత ప్లగ్ పాయింట్‌కి పెట్టారు. అక్కడ ఎవరూ ఏమీ మార్చక్కర్లేకపోయింది, బ్రేకర్ ఒక్కసారి కూడా పడలేదు.

ఇప్పుడు వాళ్లింట్లో పిండి మిల్ రిడ్జ్‌లో రుబ్బుతారు, ఇడ్లీలు ఓక్ హాలోలో ఉడుకుతాయి. రుచిలో తేడా ఏమీ లేదు.