బరువుల బలాబల విచారణ

మానవజాతిని చిరకాలంగా వేధిస్తున్న ఒక ధర్మసందేహాన్ని తీర్చుటకు వాకాడు మండలంలోని మా తీరగ్రామం గత ఆదివారం ఉదయం పూనుకున్నది. బలం చేకూర్చుటలో డంబెల్లు గొప్పదా, బార్‌బెల్లు గొప్పదా, కెటిల్‌బెల్లు గొప్పదా అన్నదే ఆ సందేహం. వేదిక తుపాను షెల్టరు. తుపాను ఏడాదికొకసారి వస్తుంది, కండలు నిత్యం కావాలి. అందుచేత పెద్దలు దానిని వ్యాయామశాలగా మార్చి తమ దూరదృష్టిని చాటుకున్నారు.

వ్యాయామశాల అధ్యక్షుడు నరేంద్రబాబు, ఆయన శిష్యులు ముప్ఫై మంది చేతుల్లేని బనియన్లలో ఆసీనులయ్యారు. వారి చేతులు పక్కలకు ఆనవు గనుక ఒక్కొక్కరికి రెండేసి కుర్చీలు వేయవలసి వచ్చింది. మాబోటి సామాన్యులం గోడవారన సర్దుకున్నాం.

ప్రధానోపన్యాసకులు, విశ్రాంత తెలుగు పండితులు చెంచురామయ్యగారు తత్త్వాన్ని ఇలా విప్పారు: "డంబెల్లు ద్వైతం. కుడిచేతిది కుడిచేతిదే, ఎడమచేతిది ఎడమచేతిదే, ఎన్నటికీ ఏకం కావు. బార్‌బెల్లు అద్వైతం. రెండు కొసల బరువులూ ఒకే కడ్డీయందు లీనమై భేదబుద్ధి నశించును. కెటిల్‌బెల్లు విశిష్టాద్వైతం. ఇనుపముద్ద ఒక్కటే, అయినను పిడి అనే విశేషణంతో కూడియున్నది." మూడింటిలో దేనినీ ఆయన ఎత్తి ఎరుగరు గనుక పక్షపాతానికి తావే లేకపోయింది.

అద్వైతులు చప్పట్లు కొడుతుండగా, వేటకెళ్లిన పోలేరయ్య భార్య చెంచమ్మ తడిచీరతో గుమ్మం దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"నరేంద్రా, మా బోటు ఇంజను ఆగిపోయి అలల్లో అడ్డం తిరిగిపోయిండాది. ఇంకో నాలుగు అలలు కొడితే ముక్కలే. మాకుండేది అదొక్కటే. వచ్చి తాడు పట్టండి నాయనా."

నరేంద్రబాబు సానుభూతితో, ఏ రోజు ఏ కండకు కసరత్తో రాసిన గోడమీది పట్టిక చూపించాడు. "ఇయ్యాళ మాకు చెస్టు అక్కా. తాడు లాగేది వీపు పని. వీపు గురువారం."

"గురువారం దాకా అల ఆగతాదా?"

"వరస తప్పితే కండ కరిగిపోతాదక్కా."

చెంచురామయ్యగారు శాస్త్రం అందించారు. "పైగా మన విచారణ యంత్రానికి కట్టుబడని బరువులకే పరిమితం. బోటుకు ఇంజను కలదు. కనుక అది యంత్రం." ఆగిపోయిన ఇంజను యంత్రమవునా కాదా అన్న పూర్వపక్షం మీద చర్చ అరగంట రసవత్తరంగా సాగింది.

ఆ అరగంటలో చెంచమ్మ ఎండుచేపలు ఆరబెట్టే ఆడవాళ్లను, వలలు అల్లే ముసలివాళ్లను పోగుచేసి తాడు పట్టించింది. వారిలో ఒక్కరూ వార్మప్ చేయలేదని కిటికీలోంచి చూసిన శిష్యులు కలవరపడ్డారు. మోకాళ్ల వంపు, వెన్ను తీరు అశాస్త్రీయమని నిరూపించుటకు సెల్‌ఫోన్లలో చిత్రీకరించారు. ఇన్ని దోషాలతో లాగినా బోటు ఇసుకకెక్కింది. పోలేరయ్య దిగి, చేపల బుట్టలు ఇసుక మీదికి దించాడు.

తాడు మీద చెయ్యి వేసినవారికల్లా చేపలు పంచడం మా తీరంలో ఆనవాయితీ. పంపకం మొదలైందని తెలియగానే సభ అర్ధంతరంగా వాయిదా పడింది. ముప్ఫై మందీ సంచులతో వరుస కట్టారు.

"ప్రోటీను అక్కా," అంటూ నరేంద్రబాబు సంచి తెరిచాడు.

చెంచమ్మ ఆ వరుసను కొసదాకా చూసింది. "ఇయ్యాళ వీపోళ్లకి పంచతా ఉండా నాయనా. చెస్టోళ్లకి గురువారం."

తిరిగి సమావేశమైన సభ, ఆ మాటలో మర్యాద లోపించిందని తీర్మానం ప్రవేశపెట్టింది. గోడవారన కూర్చున్న మేము సైతం కూర్చున్నచోటి నుంచే చేతులెత్తి ఏకగ్రీవం చేశాం. ఆనాడు ఆ భవనంలో పైకి లేచిన బరువు అదొక్కటే.