చాందిని, నాలుగో సంపుటం, పేజీ 412

యుద్ధంలో చావడం ఎవరికైనా చేతనవుతుంది. యుద్ధ గ్రంథంలో దొరకడానికి మాత్రం అర్హత ఉండాలి. ఈ సత్యం నాకు జగిత్యాలలోని సైనిక గ్రంథ విచారణ విభాగంలో (రెండు బీరువాలు, ఒక కుర్చీ, పదకొండు నిబంధనలు) బోధపడింది.

మా అమ్మ పోచవ్వకు ఎనభై మూడేళ్లు. ఆమె ఇంకా కడుపులో ఉండగానే మా తాత మొండయ్య మిల్ట్రీలో చేరి బర్మా వైపు వెళ్లాడు. మళ్లీ రాలేదు. పోయిన తేది తెలియదు కాబట్టి ఏటా పెత్రమాస నాడు, తిథి తెలియని వాళ్లందరితో కలిపి ఆయన పేరిట కూడా బియ్యం ఇస్తున్నాం.

"గుంపుల గోవిందా అన్నట్టు ఎన్నేండ్లు ఇస్తంరా? మా నాయిన దినం మా నాయినకు గావాలె. నేను పోయేలోపట ఒక్కపారన్న గా దినం నాడు ఇయ్యాలె," అని అమ్మ పట్టుబట్టింది. ఆ యుద్ధంలో పోయినవాళ్ల వివరాలున్న సంపుటాలు జగిత్యాలలో ఉన్నాయని విని, గంభీరావుపేటలో బస్సెక్కాం.

విభాగాధికారి మదన్ మోహన్ రావు గారు మర్యాదస్తుడు. అమ్మను కూర్చోబెట్టి, తాను నిలబడి, నా చేతికి ఫారం ఏడు ఇచ్చారు.

"తాత ఏ దళంల పని చేసిండో రాయాలె. గది రాస్తెనే పుస్తకం ఇస్త."

"దళం పేరు ఎట్ల తెలుస్తది సార్?"

"పుస్తకంల ఉంటది."

ఇందులో తప్పేమీ లేదు. లోపల ఏముందో ముందే తెలిసినవారికి మాత్రమే ఇస్తే పుస్తకం నలగదు. (పదేళ్లుగా ఒక్క పేజీ కూడా నలగనందుకు ఇచ్చిన ప్రశంసాపత్రం గోడకు వేలాడుతోంది.)

అమ్మ కొంగుముడి విప్పి, తాత ఎవరిచేతనో రాయించి పంపిన కార్డు తీసింది. సెన్సారు వారు దళం, ఊరు, తేది అన్నీ నల్లసిరాతో కొట్టేసి, దేశభద్రతకు ముప్పు లేదని ఒక్క వాక్యం వదిలారు: "నాకు చాందిని అనే కంచరగాడిదను అప్పజెప్పిండ్రు, మంచిదే గని కరుస్తది."

రావు గారి ముఖం వెలిగిపోయింది. "గీ ముచ్చట ముందుగాల చెప్పద్దా అవ్వా! జంతువులకు ఫారం అక్కర్లేదు."

నాలుగో సంపుటం చివర సూచిక ఉంది. అధికారులు పేరుపేరునా ఉన్నారు. జంతువులు పేరుపేరునా ఉన్నాయి. మిగిలినవారు "ఇతరులు, 214" అని ఒకే వరుసలో ఉన్నారు. చాందినికి మాత్రం సగం పేజీ ఇచ్చారు: ఎత్తు, రంగు, స్వభావం. రావు గారు ఇంగ్లీషును గ్రాంథికంలోకి దించి చదివారు: "పదిహేడు మార్చి, పంతొమ్మిది వందల నలభై నాలుగున వాగు దాటుచుండగా బాంబు తగిలి మరణించినది. నడుపువాడు ఒకడు కూడ."

ఆ 'ఒకడు' మా తాత. అమ్మ చాలాసేపు ఏడ్చి, ఆఖరుకు నవ్వింది.

"కరిసినా దాన్ని ఇడ్వలే సూడు మా నాయిన!"

రావు గారు కూడా కళ్లు తుడుచుకున్నారు. కన్నీళ్లు పడకుండా పుస్తకాన్ని అవతలికి జరిపారు (నిబంధన తొమ్మిది).

వేములవాడ అయ్యగారు పాత పంచాంగం వెతికించి తిథి తేల్చారు. ఆ రోజు అమ్మ తన చేత్తో బియ్యం ఇచ్చింది. పక్కనే దోసెడు ఉలవలు కూడా పెట్టించింది. "గది గూడ మనదే గదరా," అంది.

ఇంత జరిగాక, 'ఒకడు' అన్నచోట మొండయ్య అని చేర్చమని విభాగానికి అర్జీ పెట్టాను. పదిహేను రోజుల్లోనే జవాబు వచ్చింది. నడుపువారి పేర్లు చేర్చుటకు నిబంధనలు అనుమతించవట. చాందినికి వారసులెవరైనా ఉన్నచో ఆధార్ కార్డుతో స్వయంగా హాజరు కావలెనట.