సుల్తాన్ కాన్పు

ఈ దేశంలో పుట్టే ప్రతి ప్రాణికీ దరఖాస్తులో ఒక గడి ఉంటుంది. గడి లేని ప్రాణి పుట్టడం క్రమశిక్షణారాహిత్యం. తాండూరులో బట్టలు కుట్టే ముబీనా ఇంట్లో సరిగ్గా ఆ నేరమే జరిగింది.

ఆమె తమ్ముడు సల్మాన్ హైదరాబాదు నుంచి ఒక హ్యామ్‌స్టర్‌ను తెచ్చాడు. చూడటానికి తోకలేని ఎలుకలా ఉన్నా, పంజరంలో ఉంటుంది కనుక గౌరవం ఎక్కువ. మగదని దుకాణదారు హామీ ఇవ్వడంతో సుల్తాన్ అని పేరు పెట్టారు. ఒక శుక్రవారం పొద్దున సుల్తాన్ ఏడుగురిని కన్నది. (దుకాణదారు హామీని ఇంతవరకూ ఉపసంహరించుకోలేదు.)

పిల్లలు చిక్కుడు గింజలంత ఉన్నాయి, గులాబీ రంగులో, కళ్లు తెరవకుండా. బెదిరిన తల్లి పిల్లల్నే తినేస్తుందని ఫోన్లో చదివిన ముబీనా ఇంట్లో చప్పుడే కాకూడదనుకుంది. కుట్టు మిషన్ ఆపేసింది, పంజరం మీద పాత చున్నీ కప్పింది. చూడటానికి వచ్చిన ఇరుగుపొరుగును ఆమె అత్త మహబూబ్‌బీ గుమ్మంలోనే ఆపి పంపేసింది. అయినా సుల్తాన్ ఉడికిన గుడ్డు ముక్కను ముట్టలేదు. మరునాడూ ముట్టకపోయేసరికి ముబీనా అల్పజీవ సంరక్షణ శాఖ వారి యాప్ తెరిచింది.

అందులో ఆవు, గేదె, గొర్రె, మేక, కోడి ఉన్నాయి. కోడిని ఎంచుకుంటే గుడ్ల సంఖ్య అడిగింది కనుక ఆమె మేకను నొక్కింది. ఒకే కాన్పులో ఏడు మేకపిల్లలు పుట్టడం శాఖ చరిత్రలో లేదు కాబట్టి, వెంటనే తనిఖీకి ఆదేశాలు వెలువడ్డాయి.

వికారాబాద్ నుంచి కైలాసం అనే క్షేత్ర పరిశీలకుడు రైల్లో వచ్చాడు. వెంట వేలాడే త్రాసు, చెవులకు వేసే పసుపు బిళ్లలు తెచ్చాడు. ఒక్కో బిళ్ల మీద నాలుగు పిల్లలు హాయిగా పడుకోవచ్చు. మేక ఏదని అడిగాడు. ముబీనా సంగతి చెప్పింది. ఫొటో లేకుండా కేసు మూసే అధికారం తనకు లేదని విచారంగా చెప్పి, ఆమె వారించేలోపే చున్నీ ఎత్తాడు. ఫోను లైటు తళుక్కుమంది.

సుల్తాన్ ఒక పిల్లను నోట కరచుకుని లోపల వేసుకుంది. తర్వాత ఇంకొకదాన్ని. మహబూబ్‌బీ మొహం తిప్పుకుని దువా చదవడం మొదలుపెట్టింది. కైలాసం త్రాసును కింద పెట్టేశాడు.

"నేను జూస్తే గిట్లయిందా అమ్మా?" అన్నాడు.

ముబీనా చున్నీ దించింది. ముగ్గురూ పంజరానికి దూరంగా జరిగి కూర్చున్నారు. ఆ తర్వాత చున్నీ సందులోంచి చూస్తే, సుల్తాన్ పంజరం ఆ మూలకు పోయి, బుగ్గల సంచుల్లోంచి పిల్లల్ని ఒక్కొక్కటిగా దూదిలో పెట్టి నాకుతోంది. అది తినలేదు, దాచింది. (తినే తల్లుల గురించి ఫోన్లో చాలా ఉంది. దాచే తల్లుల గురించి రాసే తీరిక ఎవరికీ దొరికినట్టు లేదు.) మిగతా పిల్లల్ని కూడా అక్కడికే చేర్చి, చివరికి గుడ్డు ముక్క కొరికింది. ముబీనా కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇగ నేనేం జెయ్యాలమ్మా?" అని కైలాసం అడిగాడు.

"ఏం జెయ్యొద్దు సార్."

"గదైతే మా శాఖల అందరికి వచ్చు," అన్నాడు కైలాసం ధైర్యం తెచ్చుకుని.

సాయంత్రం దాకా గడప బయట కూర్చుని, లోపలికి రాబోయిన వాళ్లకు తనిఖీ నడుస్తోందని చెప్పి పంపించాడు. తీసుకున్న చర్య అనే గడిలో 'ఏమీ చేయలేదు' అని నింపితే యాప్ తిరస్కరించింది. 'ప్రణాళికాబద్ధ నిష్క్రియా సంరక్షణ' అని నింపగానే ఆమోదించింది.

ఏడు పిల్లలూ కళ్లు తెరిచాయి. శాఖాధికారి మొగులప్ప వికారాబాద్‌లో సభ పెట్టి కైలాసానికి శాలువా కప్పాడు. తాను నిజంగానే ఏమీ చేయలేదని కైలాసం మైకులో చెబితే, మొగులప్ప ఆ వినయాన్ని మెచ్చుకుంటూ ఇదే విధానాన్ని పూడూరు, నవాబుపేట మండలాల పశువులకూ వర్తింపజేస్తున్నట్లు ప్రకటించాడు.

ఆ సేవ తమకు చాలా ఏళ్లుగా ఏ లోటూ లేకుండా అందుతోందని అక్కడి రైతులు తెలిపారు.