ఎంత చెరిపినా ఖాళీ కాని డిస్కు

2017 ఏప్రిల్ 27. గురువారం కాబట్టి ఫిన్లండ్‌లోని రౌమా ఊళ్లో అందరిలాగే ఎన్సియో కూడా బఠాణీ సూపు, ఆపైన పాన్‌కేకు తిన్నాడు. ఆ రోజు స్థానిక చరిత్ర సంఘంలో తల్కోత్. సభ్యులంతా జీతం బత్తెం లేకుండా తలో చెయ్యీ వేసి సంఘం గదులు కడుక్కునే రోజు. కిటికీలు తుడవడం అయ్యాక అధ్యక్షురాలు కెర్తు చీపురు వదిలి కంప్యూటరు ముందు కూర్చుంది.

"డిస్కు నిండిపోయిందయ్యా. దీన్నీ ఊడ్చేద్దాం."

అందులో లేసు అల్లే ముసలమ్మల ముచ్చట్లు నూట నలభై గంటలున్నాయి. వాళ్లను ప్రశ్నలడిగింది ఎన్సియో భార్య లెంపి. ఆమె పోయి ఆరేళ్లు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

"కంప్యూటరు రోజూ రాత్రి స్నాప్‌షాట్ తీస్తోందిగా, ముప్పై ఉన్నాయి. నీ ఇష్టం" అన్నాడు ఎన్సియో నీరసంగా. ముప్పై స్నాప్‌షాట్లంటే ఎక్కడో భద్రంగా ముప్పై నకళ్లని అతని నమ్మకం.

కెర్తు పాత సమావేశాల మినిట్సు చెరిపింది. జాగా రాలేదు. ఫొటోలు చెరిపింది. రాలేదు. తల్కోత్‌లో ఖాళీగా కూర్చుంటే నామోషీ కనుక మిగతా ఏడుగురూ వంతులేసుకుని తమ తమ ఫోల్డర్లు చెరిపారు. చివరికి లెంపి రికార్డింగులూ పోయాయి. డిస్కు మాత్రం నిండుగానే ఉంది.

ఎన్సియో లైబ్రరీలో కంప్యూటర్లు చూసే సన్నికి ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, అన్నీ చెరిపేశామనీ ముప్పై నకళ్లున్నాయనీ చెప్పాడు.

"స్నాప్‌షాట్ నకలు కాదండీ. ఆ రాత్రి ఏ ముక్క ఎక్కడుందో అదే డిస్కు గుర్తుపెట్టుకోవడం, అంతే. ఆర్కైవ్ అంటే వేరే డిస్కు మీదికి ఎక్కించి విడిగా దాచింది. అది ఉందా?"

"లేదమ్మా" అన్నాడు ఎన్సియో.

"దొరికింది దొంగ!" అని అరిచింది కెర్తు. "జాగా మింగుతున్నవి ఈ స్నాప్‌షాట్లే! అన్నీ పీకేస్తున్నా!"

"ఆవిడ చెయ్యి పట్టుకోండి!" అంది ఫోన్లో సన్ని.

లెంపి చెయ్యి తప్ప ఏ ఆడమనిషి చెయ్యీ పట్టుకోని ఎన్సియో, కెర్తు చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాడు. ఆవిడ మౌస్ వదిలేసింది.

"ఇంతకీ ఖాళీ ఎంతొచ్చింది?" అనడిగింది సన్ని.

"రవ్వంత కూడా రాలేదమ్మా."

"హమ్మయ్య! మీరు చెరిపింది ఉత్త పేర్లే. స్నాప్‌షాట్ పట్టుకుని కూర్చున్నంతసేపూ అసలు సరుకు కదలదు. అందుకే జాగా రాలేదు, అందుకే మీరు బతికిపోయారు. వస్తున్నా, ఏదీ ముట్టుకోకండి."

సన్ని కొత్త డిస్కుతో వచ్చి, నిన్న రాత్రి స్నాప్‌షాట్ నుంచి అన్నీ వెనక్కి తెచ్చి, రికార్డింగులన్నిటినీ కొత్తదాని మీదికి ఎక్కించింది. సరిచూద్దామని ఒకటి వినిపించింది. "మళ్లీ చెప్పండమ్మా, తొందరేం లేదు" అంటోంది లెంపి. కెర్తు అటు తిరిగి, తుడిచిన కిటికీనే మళ్లీ తుడవసాగింది. అందుకు ఎన్సియో మనసులోనే ఆమెకు దండం పెట్టుకున్నాడు.

అందరూ వెళ్లాక అతను కొత్త డిస్కును కోటు లోపలి జేబులో పెట్టుకుని, చప్పుడు కాకుండా తలుపు మూశాడు. తొమ్మిది మంది పొద్దంతా చాకిరీ చేసి, కంప్యూటరును సరిగ్గా నిన్న ఉన్నట్టే ఉంచగలిగారు.